లైసోసోమ్‌కు చిరునామా రాసే ఎంజైమ్‌పై పని మొదలుపెడుతున్న మనుమరాలికి

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

కణంలో వ్యర్థాలను జీర్ణం చేసే సంచి అయిన లైసోసోమ్‌కు వెళ్లవలసిన ప్రోటీన్లపై చిరునామా గుర్తు వేసే ఎంజైమ్, గ్లూక్‌నాక్-1-ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్‌పై పరిశోధన మొదలుపెడుతున్నానని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. 2022లో క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (గడ్డకట్టించిన ప్రోటీన్లను ఎలక్ట్రాన్లతో చిత్రించే పద్ధతి) ద్వారా దీని నిర్మాణాలు వెలువడ్డాయి కనుక వాటితోనే మొదలుపెట్టాలని నీకు అనిపించడం సహజమే. అయితే ఆ బొమ్మలు తెరిచే ముందు, ఈ ఎంజైమ్ విషయంలో నువ్వు తెలుసుకోదలచినదేమిటో తేల్చుకోమని నా సలహా.

లైసోసోమ్‌కు చేరవలసిన హైడ్రోలేజులు, అంటే జీర్ణం చేసే ఎంజైములు, సుమారు 60 ఉన్నాయి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉండే అమైనో ఆమ్లాల వరుస ఏదీ లేకపోయినా, ఈ ఎంజైమ్ వాటిని గుర్తుపట్టి, యూడీపీ-గ్లూక్‌నాక్ అనే చక్కెర దాత అణువు నుంచి గ్లూక్‌నాక్-ఫాస్ఫేట్‌ను తీసి వాటి మానోజ్ చక్కెరలకు అతికిస్తుంది. ఆపై మరో ఎంజైమ్ గ్లూక్‌నాక్‌ను తొలగించాకనే చిరునామా గుర్తైన మానోజ్-6-ఫాస్ఫేట్ బయటపడి, హైడ్రోలేజులను లైసోసోమ్ వైపు పంపే గ్రాహకాలకు దొరుకుతుంది. అతికించడం ఒక సామర్థ్యం, ఎవరికి అతికించాలో ఎంచుకోవడం మరొకటి. ఆల్ఫా-మిథైల్ మానోసైడ్ వంటి చిన్న చక్కెరతో చేసే పరీక్ష మొదటిదాన్ని మాత్రమే కొలుస్తుంది. ఎంజైమ్‌లోని డీమాప్ అనే భాగంలో 732వ స్థానపు అమైనో ఆమ్లం లైసిన్ నుంచి ఆస్పరజిన్‌గా మారినప్పుడు ఆ పరీక్షలో ఎంజైమ్ బాగానే పనిచేస్తుంది కానీ, హైడ్రోలేజులకు గుర్తు వేయడంలో వెనకబడుతుంది. అందుచేత ప్రతి ఉత్పరివర్తనాన్నీ రెండు విధాలా పరీక్షించనిదే ఏ నిర్ణయానికీ రావద్దు.

నియంత్రణ విషయంలో మరింత ఓపిక కావాలి. రెండేసి ఆల్ఫా, బీటా, గామా ఉపభాగాలతో ఏర్పడే ఈ ఎంజైమ్‌లో, ఆల్ఫా, బీటాలు మొదట 1,256 అమైనో ఆమ్లాల ఒకే గొలుసుగా తయారవుతాయి. అది కణంలో ప్రోటీన్లను సిద్ధం చేసి పంపే గాల్జీకి చేరిన తరువాత, సైట్-1 ప్రోటియేజ్ అనే కోత ఎంజైమ్ 928, 929 స్థానాల మధ్య కోస్తేనే చర్య మొదలవుతుంది. కనుక చర్య కనిపించకపోతే, వెంటనే క్రియాశీల స్థానం పాడైందని అనుకోకుండా, ముందు వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసి గుర్తించే పరీక్ష) చేయి: కోత పడని గొలుసు తాలూకు సుమారు 190 కిలోడాల్టన్ల పట్టీ మాత్రమే ఉండి, 45 దగ్గర బీటా పట్టీ లేకపోతే, ప్రోటీన్ గాల్జీకి చేరనేలేదేమో చూడాలి. చేరినంత మాత్రాన సరిపోదు, అక్కడ నిలవాలి కూడా. 2022లో వెలుగులోకి వచ్చిన లైసెట్ ప్రోటీన్ లేకపోతే ఎంజైమ్ గాల్జీలో నిలవక లైసోసోమ్‌కు పోయి నశిస్తుంది.

కణాల పెంపకంలో కణాలకు పోషణగా వేసే పశువుల సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) విషయంలో జాగ్రత్తగా ఉండు. అందులోని లైసోసోమల్ ఎంజైములను కణాలు గ్రహించి, లోపాన్ని కప్పిపుచ్చగలవు. కణాలు పెరిగే ద్రవ మాధ్యమంలోకి కారిన హైడ్రోలేజులను సీరం లేకుండానే కొలువు. పోలిక కోసం లింప్-2 అనే వేరే గ్రాహకం ద్వారా లైసోసోమ్‌కు వెళ్లే గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే ఎంజైమ్‌ను కూడా చూడు, ఎందుకంటే దానికి మానోజ్-6-ఫాస్ఫేట్ అవసరం లేదు.

ఇవన్నీ చేతికి వచ్చాక నిర్మాణాలు తెరిచి, ఆల్ఫా ఉపభాగంలోని స్పేసర్-1 అనే భాగాన్ని తీసేస్తే ఎంజైమ్ చర్య ఎందుకు పెరుగుతుందో అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
తాతయ్య