మీ ప్రశ్న – మా జవాబు: డ్యాట్లోవ్ కనుమలో గుడారం ఎందుకు కోశారు?

రష్యాలోని ఉరల్ పర్వతాల్లో, డ్యాట్లోవ్ కనుమ దగ్గర 1959 ఫిబ్రవరి 1 రాత్రి తొమ్మిదిమంది స్కీ యాత్రికులు చనిపోయిన ఘటన మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ప్ర: పుకార్లన్నీ పక్కనపెట్టి, దర్యాప్తులో దొరికినంతవరకే చెప్పండి. అసలేం జరిగింది?

జ: స్వెర్ద్లోవ్స్క్ నగరంలోని ఉరల్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు, అక్కడ చదువు ముగించినవాళ్లు, వయసులో పెద్దవాడైన ఒక టూరిస్టు శిక్షకుడు కలిసి మొత్తం పదిమంది ఓటోర్టెన్ కొండకు బయల్దేరారు. నాయకుడు 23 ఏళ్ల ఇగోర్ డ్యాట్లోవ్. జనవరి 28న యూరీ యూదిన్ నొప్పులు భరించలేక వెనక్కి మళ్లాడు. బతికి బయటపడ్డది అతనొక్కడే.

ఫిబ్రవరి 1 సాయంత్రం మిగతావాళ్లు ఖోలాత్ స్యాఖ్ల్ కొండవాలు మీద, చెట్టన్నది లేనిచోట, మంచు తవ్వి చదును చేసి గుడారం వేశారు. యాత్ర ముగిసిందని ఫిబ్రవరి 12 నాటికి ఇవ్వాల్సిన టెలిగ్రాం రాలేదు. ఫిబ్రవరి 26న గాలింపు బృందంలోని విద్యార్థులకు గుడారం దొరికింది. సగం మంచులో కూరుకుపోయి ఉంది, గుడ్డ లోపలివైపు నుంచి కోసి ఉంది. బూట్లు, కోట్లు చాలావరకు లోపలే ఉన్నాయి. అక్కణ్ణుంచి ఎనిమిది తొమ్మిదిమంది అడుగుజాడలు కిందికి సాగాయి. బూట్లు తొడుక్కోని కాళ్ల జాడలే ఎక్కువ.

కిలోమీటరున్నర కింద, అడవి మొదట్లో ఒక దేవదారు చెట్టు. దాని కింద మంట వేసిన గుర్తులు, లోదుస్తుల్లో ఇద్దరి శవాలు కనబడ్డాయి. చెట్టుకూ గుడారానికీ మధ్య ముగ్గురు పడి ఉన్నారు: చెట్టుకు 300 మీటర్ల దూరంలో డ్యాట్లోవ్, 480 దగ్గర స్లొబోదిన్, 630 దగ్గర జీనా కొల్మొగోరొవా. మిగతా నలుగురి కోసం మే దాకా ఆగాల్సి వచ్చింది. చెట్టుకు 75 మీటర్ల దూరంలోని వాగులో, మీటర్ల లోతు మంచు కింద దొరికారు. ఆరుగురు చలికి, ముగ్గురు దెబ్బలకు చనిపోయారని పోస్ట్‌మార్టంలో తేలింది. ‘మనుషులకు ఎదుర్కొనే శక్తి లేని ప్రకృతి బలం’ కారణమని రాసి, దర్యాప్తు అధికారి లెవ్ ఇవనోవ్ మే 28న కేసు మూసేశాడు.

ప్ర: 2020లో మంచు చరియే కారణమని రష్యా ప్రాసిక్యూటర్లు తేల్చారు. కానీ ఆ వాలు చరియ పడేంత నిటారుగా లేదు, పడ్డ గుర్తులూ లేవు. ఎలా నమ్మడం?

జ: ఈ అభ్యంతరం న్యాయమైనదే. కొండంతా కదిలి వచ్చే చరియను ఊహించుకుంటే ఇక్కడ ఏదీ పొసగదు. కావలసింది అంతకంటే చాలా చిన్నది, కొద్ది మీటర్ల వెడల్పున్న మంచు పలక. గట్టిపడిన మంచు పొర, దాని కిందున్న పట్టులేని పొర మీద జారడమే పలక జారడం. మామూలుగా 30 డిగ్రీలు దాటిన వాలు మీద జారుతుంది. 2021లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు యోహాన్ గోమ్, అలెగ్జాండర్ పుజ్రిన్ ఈ లెక్కను కొత్తగా వేశారు. పైకి చూస్తే వాలు తక్కువే. కాని మంచు కింద నేల మెట్లుమెట్లుగా ఉంటుంది, గుడారానికి పైన అది 28 డిగ్రీల దాకా ఉంది. పైగా అడుగున ఉప్పురవ్వల్లా ఒకదానికొకటి అంటుకోని మంచు స్ఫటికాల పొర ఉంటే పలక అంతకంటే తక్కువ వాలు మీదా జారుతుంది.

చదును కోసం తవ్వినప్పుడు పై పలకకు కిందినుంచి ఉన్న ఊతం పోయింది. అయినా వెంటనే జారలేదు. రాత్రంతా శిఖరం మీదుగా వీచిన గాలి మంచును మోసుకొచ్చి అదే చోట పోసింది. బరువు కొద్దికొద్దిగా పెరిగి, తవ్వాక ఏడున్నర నుంచి పదమూడున్నర గంటల మధ్య పలక తెగి ఉండొచ్చని వాళ్ల లెక్క. ఈ ఆలస్యమే అసలు మెలిక. చివరి భోజనమైన ఆరేడెనిమిది గంటలకు మరణాలు సంభవించాయన్న పోస్ట్‌మార్టం అంచనాకు ఇందులో తక్కువ అంచనాయే దగ్గరగా వస్తుంది, పై అంచనా సరిపడదు.

ఇక గుర్తుల సంగతి. గాలింపువాళ్లు వచ్చేసరికి మూడు వారాలు దాటింది. అంత చిన్న పలక తాలూకు మంచును ఆ గాలి చెరిపేయడం వింతేమీ కాదు. తర్వాత శీతాకాలంలో వెళ్లినవాళ్లు ఆ కనుమ పరిసరాల్లోనే పలకలు జారిన తాజా గుర్తుల్ని వీడియో తీశారు. మరి అడుగుజాడలు మిగిలాయి కదా అంటారు. కాలి కింద నొక్కుకుని గట్టిపడిన మంచు నిలిచింది, చుట్టూ ఉన్న వదులు మంచును గాలి కోసుకుపోయింది. అందుకే జాడలు గుంటల్లా కాక, పైకి లేచిన దిమ్మెల్లా కనబడ్డాయి.

ప్ర: పక్కటెముకలు విరిగినవాళ్లు చీకట్లో కిలోమీటరున్నర ఎలా నడిచారు?

జ: పలక సిద్ధాంతంలో బలహీనమైన చోటు ఇదే. గుడారం అడుగున స్కీలు పరిచారు. అంత గట్టి నేల మీద పడుకున్న మనిషి మీద పలక పడితే పక్కటెముకలు విరుగుతాయి గానీ అక్కడికక్కడే ప్రాణం పోదని గోమ్, పుజ్రిన్ లెక్కగట్టారు. కార్ల ప్రమాద పరీక్షల గణాంకాలు ఇందుకు వాడారు. అయితే లుద్మీలా దుబీనినా, సెమ్యోన్ జొలొతర్యోవ్‌ల ఛాతీ ఎముకలు, తిబో-బ్రిన్యోల్ పుర్రె విరిగిన తీరు చూస్తే వాళ్లు నడిచే స్థితి కాదు. ఎవరినో ఈడ్చుకెళ్లిన జాడా లేదు. పైగా ఈ ముగ్గురూ వాగులోనే దొరికారు. దెబ్బలు పైన తగిలి ఉంటే ముగ్గురూ ఒకే చోటికి చేరడం మరీ కాకతాళీయం. వాళ్లు అక్కడ మంచు తవ్వి, చెట్ల కొమ్మలు పరిచి, నలుగురికి కూర్చునే చోటు చేసుకున్నారు. శవాలు దానికి కొద్ది మీటర్ల పక్కన, పారే నీటి మీద దొరికాయి. వాగు మీది మంచు కప్పు కుంగి, రాళ్ల మీద పడి, పైనుంచి మంచు బరువు మోపింది అనుకుంటేనే దెబ్బలకు పొంతన కుదురుతుంది. అంటే గుడారం ఎందుకు వదిలారు అన్నదీ, ఎలా చనిపోయారు అన్నదీ వేర్వేరు ప్రశ్నలు. ఒకే జవాబుతో రెండూ తేల్చబోయిన సిద్ధాంతాలన్నీ ఇక్కడే బోల్తా కొట్టాయి.

ప్ర: చలికి చనిపోయేముందు ఒళ్లు మండినట్టనిపించి బట్టలు విప్పేస్తారట. చెట్టు కింది ఇద్దరూ అందుకే లోదుస్తుల్లో ఉన్నారా?

జ: అలాంటి లక్షణం నిజంగానే ఉంది, హైపోథర్మియా (ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం) చివరి దశలో కనబడుతుంది. ఇక్కడ మాత్రం దాని అవసరం లేదు. చెట్టు కింద చనిపోయిన క్రివొనిషెంకో ఉన్ని ప్యాంటు ముక్క దుబీనినా పాదానికి చుట్టి ఉంది. ఇద్దరూ పోయాక మిగతావాళ్లు వాళ్ల బట్టలు కోసి తీసుకున్నారు. ఆ పూట వాళ్ల బుర్రలు సరిగానే పనిచేశాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇన్‌ఫ్రాసౌండ్‌కు (చెవికి వినబడనంత తక్కువ పౌనఃపున్యపు ధ్వనికి) మతి తప్పి పరుగెత్తారనే సిద్ధాంతాన్ని పక్కనపెట్టడానికీ ఇది చాలు.

ప్ర: వాగులో దొరికిన శవాల్లో కొన్నింటికి నాలుక, కళ్లు లేకపోవడం?

జ: మూడు నెలలు మంచు కింద, కరిగే నీటిలో నానిన శరీరాల్లో ముందు పోయేవి మెత్తని భాగాలే. చిన్న జంతువుల పాత్రా ఉండొచ్చు. మొదట దొరికిన ఐదుగురిలో ఇవి చెక్కుచెదరలేదు.

ప్ర: బట్టల మీద రేడియేషన్, ఆకాశంలో నిప్పుగోళాలు... సైన్యం ప్రయోగమేదో జరిగి ఉండదా?

జ: రేడియేషన్ కొద్ది బట్టల మీదే, అదీ వాగులో దొరికినవాళ్ల బట్టల మీద ఉంది. క్రివొనిషెంకో చెల్యాబిన్స్క్-40 ప్లుటోనియం కర్మాగారంలో ఇంజినీరు. 1957లో భారీ పేలుడు జరిగింది అక్కడే. బట్టలు చేతులు మారాయని పైన చూశాం కదా. బాంబో క్షిపణో పేలి ఉంటే కొద్ది బట్టలతో ఆగదు, మంచూ చెట్లూ కూడా చెప్పేవి. నిప్పుగోళాలను జనం బాగా చూసిన తేదీలు ఫిబ్రవరి 17, మార్చి 31. అప్పటికి వీళ్లు పోయి రెండు వారాలు దాటింది.

ప్ర: స్థానిక మాన్సీ తెగవాళ్లు, తప్పించుకున్న ఖైదీలు, యతి (కథల్లోని మంచుమనిషి)?

జ: మాన్సీలను మొదట్లో అనుమానించి గట్టిగానే ప్రశ్నించారు, ఏమీ తేలలేదు. బయటివాళ్ల జాడ ఒక్కటీ లేదు. గుడారంలో డబ్బూ తిండీ అలాగే ఉన్నాయి. యతి సంగతి యాత్రికులు సరదాగా రాసుకున్న గోడపత్రికలో ఉంది, జోకుగా.

ప్ర: పలకే పడిందనుకుందాం. వాళ్లు చేయాల్సిందేమిటి?

జ: అక్కడ ఆగకపోవడం. బయల్దేరిందే మధ్యాహ్నం, నడిచింది రెండు కిలోమీటర్లలోపు. కిలోమీటరున్నర కింద అడవి, కట్టెలు, గాలి నుంచి అడ్డు ఉన్నాయి. ఎక్కిన ఎత్తు పోగొట్టుకోవడం ఇష్టంలేక వాలు మీదే మకాం వేశారని చాలామంది అంచనా.

గాలి మంచును పోగేసే వాలు మీద మకాం తప్పనప్పుడు ముందు ఒక గుంట తవ్వి పొరలు చూస్తారు. అడుగున చేతితో కదిపితే రాలిపోయే పొర కనబడితే అక్కడ చదును చేయరు. బూట్లు స్లీపింగ్ బ్యాగులోనే, కత్తీ టార్చీ చేతికందేలా, పార గుడారం బయట ఉంచుతారు. వీళ్లు కోసుకుని బయటికి రావడం సరైన పనే. రెండో పలక భయం ఉన్నప్పుడు కిందికి కాదు, పక్కకు జరగాలి. యాభై, వంద మీటర్లు పక్కకు పోయి, ఒకరినొకరు పట్టుకుని కాసేపాగి, బూట్లూ కోట్లూ తవ్వుకోవడానికి ఒకరిద్దరు తిరిగి రావాలి. మైనస్ 25 డిగ్రీల చలిలో, గాలికి వీపు చూపిస్తూ కిందికి దిగడం తేలిక. అదే గాలికి ఎదురెక్కడం మేజోళ్లతో అయ్యే పని కాదు. తిరిగి గుడారం వైపు బయల్దేరిన ముగ్గురిలో ఎక్కువ దూరం రాగలిగింది కొల్మొగోరొవా, అదీ సగం దారి కూడా కాదు. ఆ ఉదయమే వాళ్లు 55 కిలోల తిండి, ఒక జత బూట్లు దాచి వచ్చారు. అది కనుమకు అవతల, ఔస్పియా నది లోయలో ఉంది.