ఏ గడియారంతో కొలిచావో ముందు రాయి

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మెయిన్‌ఫ్రేమ్ (వేలమంది పనిని ఒకేసారి చేసే పెద్ద కంప్యూటర్) టెర్మినళ్లను ఐబీఎం పాత నెట్‌వర్క్ పద్ధతి అయిన ఎస్‌ఎన్‌ఏ లైన్ల మీద నుంచి, ఇంటర్నెట్ తరహా (టీసీపీఐపీ) నెట్‌వర్క్ మీద నడిచే టీఎన్3270కి మార్చినప్పుడు పనితీరు ఏమవుతుందన్న విషయాన్ని తెలుగులో రాయడానికి ఒకరు పూనుకోవడమే నాకు ఎంతో సంతోషం. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో కోబాల్ భాష, ట్రాన్సాక్షన్లు నడిపే సీఐసీఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఆ ఆకుపచ్చ తెర ముందే జీవితం స్థిరపరచుకున్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఎంటర్ నొక్కాక ఆ తెర ఎందుకు ఆగుతుందో వాళ్లకు వాళ్ల భాషలో చెప్పినవాళ్లు మాత్రం తక్కువ. అందుకే బాగుందని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, నాకు తోచినదంతా వివరంగా రాస్తున్నాను.

నీ మొదటి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. "టీఎన్3270కి మారిన తరువాత రెస్పాన్స్ టైమ్ 40 శాతం మెరుగుపడినట్లు గమనించబడింది" అని రాశావు. ఎవరు గమనించారు? ఎక్కడ కూర్చుని, దేనితో కొలిచారు? కర్తను తీసేసి రాసిన ఆ "గమనించబడింది"లో నీ వ్యాసానికి ఆయువుపట్టు లాంటి సంగతి జారిపోయింది. టెర్మినల్‌ను కలిపే పద్ధతి మారినప్పుడు దారి ఒక్కటే మారదు, చాలాచోట్ల దారిని కొలిచే గడియారం కూడా మారిపోతుంది. ఆ సంగతి చెప్పకుండా ముందూ వెనుకా అంకెలను పక్కపక్కన పెడితే, వేరువేరు కొలతలను ఒకే కొలతగా చూపించినట్లవుతుంది.

కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను. ఐబీఎం 1971లో 3270 టెర్మినళ్ల కుటుంబాన్ని ప్రకటించిన తరువాత చాలా ఏళ్లపాటు టెర్మినల్ నుంచి కోయాక్స్ కేబుల్ ఒక కంట్రోలర్‌కు వెళ్లేది, ఆ కంట్రోలర్ మెయిన్‌ఫ్రేమ్‌కు దగ్గరలో ఉంటే చానల్ ద్వారా నేరుగా, దూరంలో ఉంటే లైను ద్వారా 3705, 3725, 3745 వంటి కమ్యూనికేషన్ కంట్రోలర్‌కు, అక్కడి నుంచి మెయిన్‌ఫ్రేమ్‌లో ఎస్‌ఎన్‌ఏ కనెక్షన్లు చూసుకునే వీటామ్ సాఫ్ట్‌వేర్‌కు చేరేది. టెర్మినళ్ల పక్కనే ఉండే 3174 వంటి కంట్రోలర్లలో రెస్పాన్స్ టైమ్ మానిటర్ అనే సదుపాయం ఉండేది. మనిషి ఎంటర్ నొక్కినప్పుడు దాని గడియారం మొదలయ్యేది. మొదటి అక్షరం రాగానే ఆగాలా, కీబోర్డు తాళం విడిపోయాక ఆగాలా అన్నది ముందుగానే నిర్ణయించి పెట్టుకునేవాళ్లు. ఒక సెకను లోపు ఎన్ని, రెండు సెకన్ల లోపు ఎన్ని అని అది లెక్కలు దాచిపెట్టేది, నెట్‌వర్క్‌ను కనిపెట్టి ఉండే నెట్‌వ్యూ సాఫ్ట్‌వేర్ ఆ లెక్కలను తెప్పించుకునేది. మనిషి ఎంతసేపు ఎదురుచూశాడో చెప్పే గడియారం మనిషి పక్కనే ఉండేదన్నమాట.

టీఎన్3270 వచ్చాక ఆ కంట్రోలర్ పోయింది, దానితోపాటు ఆ గడియారమూ పోయింది. నీ వ్యాసంలోని రెండో పట్టికలో ఉన్న అంకెలు ఎస్‌ఎమ్‌ఎఫ్ 110 రికార్డుల (మెయిన్‌ఫ్రేమ్ దాచే సీఐసీఎస్ లెక్కల) నుంచి తీసినవని అడుగున చిన్నగా రాశావు. అవి సీఐసీఎస్ తన లోపల తాను కొలుచుకున్న సమయాలు. ట్రాన్సాక్షన్ సీఐసీఎస్‌కు చేరకముందు దారిలో గడిచిన కాలం గానీ, సీఐసీఎస్ వదిలేశాక మనిషి కంటికి చేరేవరకు గడిచిన కాలం గానీ అందులో ఉండవు. మొదటి పట్టిక కంట్రోలర్ గడియారానిది, రెండోది సీఐసీఎస్ గడియారానిది. నీ 40 శాతంలో ఎంత భాగం నిజమైన మెరుగో, ఎంత భాగం కొలవకుండా వదిలేసిన దారి పొడవో నువ్వు గానీ నేను గానీ చెప్పలేం.

ఇప్పటి సర్వర్‌లోనూ గడియారం పెట్టుకోవచ్చు. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్‌లోని టీఎన్3270ఈ సర్వర్‌కు మానిటర్‌గ్రూప్ అనే నిర్దేశం ఇస్తే, అది మెయిన్‌ఫ్రేమ్ వైపు పట్టిన సమయాన్నీ నెట్‌వర్క్ వైపు పట్టిన సమయాన్నీ విడివిడిగా చెబుతుంది. ఎమ్యులేటర్ (పీసీలో ఆ టెర్మినల్ తెరను చూపించే ప్రోగ్రాము) నుంచి "అందింది" అన్న జవాబు వచ్చేదాకా లెక్కపెట్టి అది నెట్‌వర్క్ వాటాను తేలుస్తుంది. అలా జవాబిచ్చే పద్ధతి 1994లో వచ్చి 1998లో సవరణ పొందిన టీఎన్3270ఈ ప్రమాణంతోనే వచ్చింది. పాత సాదా టీఎన్3270లో ఎమ్యులేటర్ తరఫున సర్వరే జవాబిచ్చేస్తుంది కనుక, మెయిన్‌ఫ్రేమ్ దృష్టిలో పని సర్వర్ దగ్గరే పూర్తయినట్లు కనిపిస్తుంది. నీ దగ్గర ఎమ్యులేటర్లు ఏ పద్ధతిలో కలుస్తున్నాయో వ్యాసంలో ఎక్కడా లేదు, అది తప్పకుండా చేర్చు.

రాసేటప్పుడు నేను పెట్టుకున్న అలవాటు ఒకటి చెబుతాను. "నెట్‌వర్క్" అన్న మాట రాయబోయే ముందు ఒక్క ఎంటర్ వెంట నడుస్తాను. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి ఖాతా సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కింది. తెర అడుగున ఎక్స్ గుర్తు, పక్కన చిన్న గడియారం బొమ్మ వచ్చి కీబోర్డుకు తాళం పడింది. 3270లో తెరంతా వెళ్లదు, ఆమె మార్చిన ఫీల్డులే వెళతాయి కనుక బయలుదేరినవి కొన్ని పదుల బైట్లు. పాత దారిలో ఆ బైట్లు కంట్రోలర్‌లో ఆగి, లైను మీద తన వంతు వచ్చి పోలింగ్ (పంపేది ఉందా అన్న పిలుపు) జరిగేదాకా ఎదురుచూసేవి. తిరిగి వచ్చేటప్పుడు బరువు ఎక్కువ. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1920. సెకనుకు 9600 బిట్ల లైను మీద బైటుకు 8 బిట్ల చొప్పున లెక్కేస్తే నిండు తెర ఒకటి దిగడానికే 1.6 సెకన్లు. ఖాళీలను పంపరు కాబట్టి మామూలు తెర అంతకంటే చిన్నదే, కానీ అదే లైను మీద ఇంకో నలుగురి తెరలు దిగుతుంటే ఆమె వరుసలో నిలబడాల్సిందే. అదే తెర సెకనుకు కోటి బిట్ల ఈథర్‌నెట్ మీద దిగడానికి రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఇంత తేడా ఉన్నా కొత్త దారిలో కొందరు "పాతదే నయం" అన్నారంటే, ఆ కాలం ఇంకెక్కడో ఖర్చవుతోందని అర్థం. అది ఎక్కడన్నది వెతికి పట్టుకుని చెప్పడమే నీ వ్యాసం చేయాల్సిన పని.

నేను స్వయంగా చూసిన రెండు చోట్లు చెబుతాను. ఒక సంస్థలో ఇలాగే మార్పు చేశాం. శని, ఆదివారాల్లో పరీక్షలన్నీ చక్కగా సాగాయి. సోమవారం పదకొండు గంటలకు ఫోన్లు మొదలయ్యాయి. మెయిన్‌ఫ్రేమ్ కొలతలు చూపే ఆర్‌ఎమ్‌ఎఫ్ నివేదికలో సీఐసీఎస్ ట్రాన్సాక్షన్లు ఎప్పటిలాగే సెకనులో చిన్న భాగంలో ముగుస్తున్నాయి. "మా దగ్గర సమస్య లేదు, మీ నెట్‌వర్క్ చూసుకోండి" అన్న మాట నేనే అన్నాను, ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కింది అంతస్తుకు వెళ్లి ఒక ఉద్యోగిని వెనుక నిలబడితే, ఆ గడియారం బొమ్మ ఆరేడు సెకన్లు కదలకుండా ఉంది. కొత్తగా పెట్టిన టీఎన్3270 సర్వర్‌ను ఏ పనికి ఎంత ప్రాధాన్యమో చూసే వర్క్‌లోడ్ మేనేజర్‌లో ఎవరూ వర్గీకరించలేదు. ఆ సైట్ నియమాల ప్రకారం పేరు లేని స్టార్టెడ్ టాస్కులన్నీ (వెనుక నడుస్తూ ఉండే సిస్టమ్ ప్రోగ్రాములు) ఒక తక్కువ ప్రాధాన్యపు క్లాసులో పడేవి. బ్యాచ్ పనులు మొదలై సీపీయూ నిండగానే, మిగిలినవన్నీ పరుగెడుతుంటే ఆ తెరలను చేరవేయాల్సిన సర్వర్ మాత్రం వంతు కోసం కూర్చునేది. సీఐసీఎస్ తన పని క్షణంలో చేసి ఇచ్చింది నిజమే, దాన్ని అందుకునే చెయ్యి ఖాళీగా లేదు. వీటామ్, టీసీపీఐపీలు ఉండే ఎక్కువ ప్రాధాన్యపు సిస్‌ఎస్‌టీసీ క్లాసులోకి దాన్ని మార్చాక ఫోన్లు ఆగిపోయాయి.

రెండోది మరీ చిన్నది, కానీ పట్టుకోవడానికి వారం పట్టింది. కొన్ని తెరలు మాత్రమే, అవీ ఎప్పుడూ దాదాపు ఒకే కొలతలో, ఒక రెప్పపాటు ఆగేవి. ప్యాకెట్ ట్రేస్ (నెట్‌వర్క్ మీద వెళ్లిన డేటా ముక్కల నమోదు) తీసి వరుసగా చదివితే ఆ విరామం ప్రతిసారీ 200 మిల్లీసెకన్ల దగ్గరే తేలింది. చిన్న చిన్న ప్యాకెట్లతో నెట్‌వర్క్ నిండిపోకుండా 1984లో జాన్ నేగుల్ చెప్పిన పద్ధతి ప్రకారం, ముందు పంపిన దానికి రసీదు రాకపోతే తరువాతి చిన్న ముక్కను పంపేవైపు ఆపి ఉంచుతుంది. అందుకునేవైపు, రసీదును విడిగా పంపడం ఎందుకు, ఏదైనా డేటాతో కలిపి పంపుదామని కాసేపు దాచుకుంటుంది. ఆ ప్రోగ్రాములు తెరను రెండు ముక్కలుగా పంపుతున్నాయి. మొదటి ముక్క రసీదు కోసం సర్వర్, పంపడానికి డేటా కోసం పీసీ, ఒకదాని కోసం ఒకటి కూర్చునేవి. రెండు పద్ధతులూ విడివిడిగా మంచివే. పాత ఎస్‌ఎన్‌ఏ దారిలో ఈ రెండూ లేవు కాబట్టి ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లను తప్పుపట్టడానికీ లేదు. ఇలాంటిది సగటులో కనిపించదు. నీ పట్టికల్లో అన్నీ సగటులే ఉన్నాయి, వాటి పక్కన 90 శాతం తెరలు ఎంతలోపు వచ్చాయో కూడా వెయ్యి.

దూరం గురించి నువ్వు రాసిన పేరా నాకు బాగా నచ్చింది, కానీ దాన్ని భయపెట్టేలా ముగించావు. హైదరాబాదు నుంచి అమెరికాలోని మెయిన్‌ఫ్రేమ్‌కు పదమూడు, పద్నాలుగు వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కనుక, తిన్నగా గీత గీసినట్లు వేసినా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లకు తగ్గదు, సముద్రాల చుట్టూ తిరిగే అసలు దారిలో ఇంకా ఎక్కువ. అయినా మనవాళ్లు ఇంత దూరం నుంచి ఏళ్ల తరబడి హాయిగా పనిచేశారంటే అది 3270 గొప్పతనం. అక్షరం అక్షరానికీ అవతలి నుంచి ప్రతిధ్వని రావాల్సిన టెర్మినళ్లలో ఆ దూరాన్ని ప్రతి అక్షరానికీ ఈదాలి. 3270లో తెరంతా నింపుకుని ఒక్కసారే ఎంటర్ నొక్కుతాం, అందుకే చాలాసార్లు ఒక్క ప్రయాణంతో సరిపోతుంది. యాభై ఏళ్ల కిందటి నెమ్మది లైన్ల కోసం చేసిన పద్ధతి ఈ సుదూరపు పనికీ ఇంత చక్కగా అమరడం నాకు ఇప్పటికీ ఆనందం కలిగిస్తుంది. ఆ మాట నీ వ్యాసంలో ఉండాలి.

ఇక సీపీయూ సంగతి. "టీసీపీఐపీ వల్ల సీపీయూ వాడకం పెరిగింది" అని తీర్పు చెప్పేశావు. అందులో నిజం ఉంది. పోలింగ్, లైన్ల తప్పులు సరిదిద్దడం వంటివి పూర్వం 3745లోని సాఫ్ట్‌వేర్ మెయిన్‌ఫ్రేమ్ బయటే చేసేది. సర్వర్‌ను మెయిన్‌ఫ్రేమ్ లోపలే పెడితే సెషన్లు నడిపే పని, టీఎల్‌ఎస్ (డేటాను రహస్యంగా పంపే పద్ధతి) పెడితే ఎన్‌క్రిప్షన్ పని కూడా లోపలికి వస్తాయి. సాఫ్ట్‌వేర్ బిల్లు నాలుగు గంటల సగటు వాడకంతో ముడిపడిన చోట ఇది డబ్బు విషయం. అయితే నువ్వు మొత్తం సీపీయూను మాత్రమే పోల్చావు. తెర త్వరగా వస్తే మనిషి ఎక్కువసార్లు ఎంటర్ నొక్కుతాడు. 1982లో ఐబీఎంకు చెందిన వాల్టర్ డోహర్టీ, అర్వింద్ థదానీ చూపించింది ఇదే. సిస్టమ్ జవాబు 3 సెకన్లున్నప్పుడు గంటకు 180 ట్రాన్సాక్షన్లు చేసిన ప్రోగ్రామర్, అది 0.3 సెకనుకు తగ్గితే 371 చేస్తాడని వాళ్లు లెక్క చెప్పారు. పని రెట్టింపైనప్పుడు సీపీయూ పెరగడం నేరం కాదు. వీటామ్, టీసీపీఐపీ, టీఎన్3270 సర్వర్ మూడూ వాడిన సీపీయూను అదే వ్యవధిలో జరిగిన ట్రాన్సాక్షన్ల సంఖ్యతో భాగించి, ఆ తరువాత పోల్చు. నెలాఖరు రోజును నెల మధ్య రోజుతో పోల్చవద్దు.

ఎవరూ ఏమీ కొట్టకపోయినా ఖర్చయ్యే సీపీయూ కూడా ఉంటుంది. ఖాళీగా ఉన్న సెషన్ బతికే ఉందా అని సర్వర్ మధ్యమధ్య పలకరిస్తుంది. 10,000 సెషన్లను పది నిమిషాలకోసారి పలకరిస్తే సెకనుకు దాదాపు 17 పలకరింపులు, ఆ గడువును ఒక నిమిషానికి తగ్గిస్తే 170. మీ దగ్గర ఆ గడువులను నిర్ణయించే స్కాన్‌ఇంటర్వల్, టైమ్‌మార్క్ విలువలు ఎంత పెట్టారో కనుక్కుని రాయి. టీఎల్‌ఎస్‌లో పెద్ద ఖర్చు సెషన్ మొదలయ్యేటప్పుడు ఉంటుంది కనుక ఉదయం లాగాన్ల వేళనూ, ఒక స్విచ్ పోయి వేలమంది ఒకేసారి తిరిగి కలిసే వేళనూ విడిగా చూపించు. ఆ అరగంట రోజు మొత్తం సగటులో కలిసిపోతే దొరకదు.

భాష గురించి ఒక్క మాట. "ప్రతిస్పందనా కాలావధి", "అంత్య పరికర సంధానం" వంటి మాటలు తీసెయ్యి. నీ పాఠకుడు రోజంతా రెస్పాన్స్ టైమ్ అనే అంటాడు, కనెక్షన్ అనే అంటాడు. "పనితీరు" అన్న మాటను కూడా నువ్వు ఒకచోట ఎదురుచూపుకు, ఒకచోట గంటకు జరిగిన పనికి, ఇంకోచోట సీపీయూ ఖర్చుకు వాడావు. ఈ మూడింటికీ మూడు పేర్లు పెట్టి చివరిదాకా అవే వాడు. నీ తెలుగు బాగుంది, వాక్యం పొడవైనా అన్వయం చెడటం లేదు.

వ్యాసం తిరగరాసే ముందు మీ ఆపరేషన్స్ వాళ్లను అడిగి పాత కంట్రోలర్ లెక్కలు మొదటి అక్షరం దాకానా, కీబోర్డు విడిపోయేదాకానా అన్నది కనుక్కో. ఆ కాగితాలు దొరక్కపోతే, మొదటి పట్టిక కింద ఆ మాటే రాసి 40 శాతాన్ని తీసెయ్యి. మానిటర్‌గ్రూప్ పెట్టించి రెండు వారాల లెక్కలు తీసుకో, అందులో ఒక నెలాఖరు ఉండేటట్లు చూడు. వీలైతే ఒక ఉదయం కౌంటర్ దగ్గరకు వెళ్లి, ఆ గడియారం బొమ్మ ఎంతసేపు ఉంటుందో చేతి గడియారంతో ఒక యాభైసార్లు చూసి రాసుకో. ఆ యాభై అంకెలనూ కొత్త ప్రతితోపాటు నాకు పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే
అన్నయ్య