భుజం బిగుసుకుపోవడం కూడా ఆ ప్రమాద ఫలితమే

రాజాం దగ్గర బియ్యం మిల్లులో కళాసీగా పనిచేసే మీ తమ్ముడికి 2024 చివర్లో బస్తాల నెట్టు కూలి మణికట్టు విరిగిందని, ఇప్పుడు భుజం పైకి లేవకపోతే అది వేరే జబ్బని యజమాని అంటున్నారని రాశారు. ఆ మాటను దయచేసి ఒప్పుకోకండి. విరిగిన చేతిని వారాల తరబడి జోలెలో కదలకుండా ఉంచినప్పుడు భుజం కీలు చుట్టూ ఉన్న పొర మందమై, ముడుచుకుని, కీలు బిగుసుకుపోతుంది. దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. ఎముక ఎక్స్‌రేలో అతికినట్టు కనిపించినా ఈ బిగుతు నెలల తరబడి ఉండవచ్చు.

అందుచేత ఎముకల వైద్యుడి చేత, భుజం ఎన్ని డిగ్రీలు లేస్తోందో కొలిపించి, ఇది ప్రమాదం తర్వాతి కదలికలేమి వల్ల వచ్చిందని స్పష్టంగా రాయించండి. వివాదమంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలుస్తుంది. వ్యాయామ చికిత్స మాత్రం ఆపవద్దు.

ఇఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే క్లెయిము అక్కడే వేయాలి. లేకపోతే, ప్రమాదం జరిగినప్పుడు అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద, ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా, కార్మిక శాఖలోని కమిషనర్‌కు దరఖాస్తు చేయాలి. అక్కడ చూసేది శరీర వైకల్య శాతం ఒక్కటే కాదు, సంపాదన శక్తి ఎంత పోయిందన్నది: ఎడమ చేయి మోచేతి పైన తొలగించిన వడ్రంగికి సుప్రీంకోర్టు నూరు శాతం నష్టాన్నే ఖాయం చేసింది. బస్తా భుజానికెత్తలేని కళాసీ విషయంలో ఇదే వాదన గట్టిగా వినిపించండి. నెల దాటి ఆలస్యమైన పరిహారానికి 12 శాతం వడ్డీ కూడా అడగండి.