చూడి గొర్రెలకు గేదెల ఖనిజ లవణ మిశ్రమం పెట్టవచ్చా?

ప్రశ్న: మా మందలో 60 గొర్రెలున్నాయి. వాటిలో పాతిక దాకా చూడివి, ఇంకో రెండు నెలల్లో ఈనుతాయి. ఇప్పుడు ఎండుగడ్డి, కోసిన చేలలో మేత తప్ప పచ్చిమేత లేదు. పోయిన ఈతలో కొన్ని పిల్లలు బలహీనంగా పుట్టాయి. రెండు పిల్లలు వెనక కాళ్లు నిలవక తూలుతూ నడిచాయి. ఈనిన గొర్రెలు కొన్నింటికి బొచ్చు రాలింది. ఖనిజ లోపమని చెప్పి తెలిసినవారు గేదెల ఖనిజ లవణ పొడి ఇస్తే వారం నుంచి దాణాలో కలుపుతున్నాను. విటమిన్ ఇంజెక్షన్లు కూడా చేయించమంటున్నారు. ఏది ఎంత ఇవ్వాలి?

జవాబు: ముందు ఆ గేదెల పొడి ఆపేయండి. గేదెలు, ఆవులు తట్టుకునే రాగిని గొర్రె తట్టుకోలేదు. ఎక్కువైన రాగిని సరిగా బయటికి పంపలేక కాలేయంలో నిల్వ చేసుకుంటూ పోతుంది. వారాలు, నెలలు గడిచినా పైకి ఏమీ కనిపించదు. ఆ తర్వాత ఎప్పుడో దూరం నడిపించినప్పుడో, బండిలో తరలించినప్పుడో, మేత తగ్గినప్పుడో నిల్వ ఉన్న రాగి ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు ఎరుపులో పడుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే జీవం పోవచ్చు. నీటి శాతం తీసేసి లెక్కిస్తే, గొర్రె తినే మొత్తం మేతలో కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల రాగి సాధారణంగా సరిపోతుంది. 15 దాటిన మేత చాలాకాలం పెడితే ప్రమాదమే. వారం రోజులు పెట్టినందుకు టెన్షన్ పడనక్కర్లేదు కానీ, పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే వెంటనే పశువైద్యుడిని పిలవండి.

ఇక్కడే ఒక చిక్కుంది. వెనక కాళ్లు తూలే పిల్లలు పుట్టడానికి కారణం తల్లికి చూడి సమయంలో రాగి చాలకపోవడం కూడా కావచ్చు. కడుపులో పిల్ల నరాలు ఏర్పడే దశలో రాగి తక్కువైతే వెన్నుపాము దెబ్బతింటుంది. అలాంటి పిల్ల హుషారుగానే ఉంటుంది, పాలు తాగుతుంది, కానీ నడుము నిలవదు. సెలీనియం, విటమిన్ ఇ లోపం వేరు. అందులో కండరాలు బిగుసుకుపోయి పిల్ల కొయ్యలా నడుస్తుంది, పరిగెత్తిస్తే కూలబడుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటిదే అనిపిస్తున్నా, చూడకుండా తేల్చలేం. కాబట్టి నాలుగైదు గొర్రెల రక్తం పరీక్షకు పంపించండి. ఈసారి పిల్ల ఏదైనా చనిపోతే దాని కాలేయం ముక్క కూడా పంపించండి. లోపం తేలితే రాగి ఎంత ఇవ్వాలో వైద్యుడే చెబుతారు. అంచనాగా మాత్రం ఇవ్వకండి.

గొర్రెల కోసమే తయారైన మిశ్రమం తీసుకోండి. సంచి మీద రాగి ఎంతుందో చదివి తెచ్చుకోండి. దాణాలో 2 శాతం ఖనిజ మిశ్రమం, 1 శాతం అయోడిన్ ఉప్పు కలిపితే చాలు. పొడిని విడిగా తొట్టిలో పోస్తే బలమైనవి ఎక్కువ నాకుతాయి, అవసరమైనవాటికి అందదు. అయోడిన్ ఎందుకంటే, అది తక్కువైతే పిల్లలు గొంతు దగ్గర వాపుతో, బొచ్చు లేకుండా, బలహీనంగా పుడతాయి.

అసలు బలహీనమైన పిల్లలకు నేను ముందుగా అనుమానించేది ఖనిజాల కన్నా మేతనే. కడుపులో పిల్ల ఎదుగుదలలో దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. అప్పుడు తల్లికి ఎండుగడ్డి ఒక్కటే చాలదు. మీకింకా రెండు వారాల వ్యవధి ఉంది. ఈలోపు దాణా కొద్దికొద్దిగా అలవాటు చేసి, చివరి ఆరు వారాలు రోజుకు 250 గ్రాముల దాకా పెట్టండి. కవలలు మోస్తున్నట్టు అనిపించేవాటికి ఇంకాస్త పెంచండి. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే తవుడు ఎక్కువ వాడితే దాణాలో 1 శాతం మేతకు వాడే సున్నపురాయి పొడి కలపాలి.

ఆవుకు కాల్షియం సాధారణంగా ఈనాక పడిపోతుంది. గొర్రెకు ఈనే ముందే పడిపోవడం ఎక్కువ. నిండు చూడి గొర్రె వణుకుతూ తూలి పడిపోతే ఆలస్యం చేయకండి. వైద్యుడు కాల్షియం ఎక్కిస్తే సాధారణంగా తొందరగానే లేస్తుంది. లేవకపోతే మేత చాలక, శరీరంలోని కొవ్వు కరిగి వచ్చే చూడి విషమం అనే జబ్బు కావచ్చు. దానికి చికిత్స వేరు.

విటమిన్ల సంగతి. బి విటమిన్లను, విటమిన్ కె ను గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులే తయారు చేస్తాయి. బి12కి మాత్రం మేతలో కోబాల్ట్ ఉండాలి, మంచి మిశ్రమంలో అది ఉంటుంది. డి ఎండలో మేస్తే వస్తుంది. మీ మందకు తక్కువయ్యేది ఎ, ఇ. ఇవి పచ్చిమేత నుంచే రావాలి. రోజూ కిలో పచ్చిమేత గానీ, అవిశ, అలసంద వంటి పప్పుజాతి ఆకు గానీ దొరికితే ఇంజెక్షన్ ప్రస్తావనే వద్దు. సుబాబుల్ ఆకు పెట్టినా మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి, అందులోని మిమోసిన్ అనే విషపదార్థం బొచ్చు రాల్చేస్తుంది. రెండు మూడు నెలలుగా పచ్చిదనమే లేకపోతే, ఈతకు నెల ముందు ఎ, డి3, ఇ ఇంజెక్షన్ ఒక్కసారి వైద్యుడి చేత చేయించండి. సెలీనియం కలిసిన మందును మాత్రం సొంతంగా వాడకండి, మోతాదు దాటితే అదే విషం. తల్లికిచ్చిన సెలీనియం మాయ ద్వారా పిల్లకు అందుతుంది. విటమిన్ ఇ ఎక్కువగా ముర్రుపాలలోనే వస్తుంది. అందుకే పుట్టిన గంట రెండు గంటల్లో పిల్ల ముర్రుపాలు తాగేలా చూడండి.

ఈనాక మూడు నాలుగు వారాలకు పాలు ఎక్కువగా వస్తాయి. అప్పుడు దాణా 400 గ్రాముల దాకా పెంచి, ఖనిజాలు అదే శాతంలో కలపండి. శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. ఈనాక బొచ్చు రాలడం చాలాసార్లు మేత తగ్గడం వల్లో, జ్వరం వల్లో వస్తుంది, మళ్లీ మొలుస్తుంది. చర్మం పొలుసులుగా మారి గిట్టలు కూడా చెడితే జింక్ లోపమేమో చూపించండి. కడుపులో నట్టలు (పురుగులు) ఉంటే ఎన్ని ఖనిజాలు పెట్టినా వంటబట్టవు, కాబట్టి పేడ పరీక్ష చేయించాకే మందు తాగించండి. వచ్చే ఈతకు పొట్టేలుతో కలిపినప్పటి నుంచి, దాన్ని వేరు చేశాక నెల దాటే వరకు మాత్రం ఆల్బెండజోల్ అనే నట్టల మందు వాడకండి, కడుపులో పిల్లకు అవయవ లోపాలు రావచ్చు.