టెక్ సందేహాలు: బ్యాటరీ కొత్తదే, సెల్ఫ్ మాత్రం తిరగదు

ప్రశ్న: మా నాన్నగారి కాలం నాటి డీజిల్ మినీ లారీ, 12 వోల్టులది. పొద్దున్నే తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క శబ్దం వస్తుంది, అంతే. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాను, సెల్ఫ్ మోటారు కూడా బాగు చేయించాను. ఇప్పుడు ఇగ్నిషన్ కాయిల్ చూడాలంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కాయిల్ సంగతి మరిచిపోండి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గూ ఉండదు, కాయిలూ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ నొక్కుడు జరగాలంటే సెల్ఫ్ ఇంజిన్‌ను వేగంగా తిప్పాలి. మీ గొడవంతా అక్కడే.

‘టక్’మందంటే తాళం దగ్గర్నుంచి సొలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) దాకా కరెంటు వస్తోందన్నమాట. ఆ తర్వాత మోటారుకు వందల ఆంపియర్లు కావాలి. 200 ఆంపియర్లు అనుకుందాం. దారిలో ఒక బోల్టు కింద తుప్పు పట్టి 0.02 ఓం అడ్డు ఏర్పడితే అక్కడే 4 వోల్టులు పోతాయి. మోటారుకు మిగిలేది 8. అదే తుప్పు మీదుగా చిన్న బల్బు మాత్రం చక్కగా వెలుగుతుంది. అందుకే టెస్ట్ బల్బు పెట్టి ‘కరెంటు వస్తోంది’ అని తేల్చేస్తే మోసపోతాం. ఇంకో సామాను కొనేముందు నాలుగైదు వందలు పెట్టి ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనండి.

మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 దగ్గర చూపించాలి. 12.4 కంటే తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టించండి. తర్వాత బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని ఒకరిని తాళం తిప్పమనండి. మీరు మీటరు ఒక ముల్లును బ్యాటరీ మైనస్ సీసపు పోస్టు మీదే ఆనించండి, క్లాంపు మీద కాదు. రెండో ముల్లు ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు ఆనించండి. తాళం తిప్పినప్పుడు 0.3 వోల్టులు దాటితే దోషం ఎర్త్‌ది, అంటే ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగొచ్చే దారిది. ఇదే పరీక్ష ప్లస్ సీసం నుంచి సెల్ఫ్ మోటారు లావు బోల్టు దాకా చేయండి, అక్కడ 0.5 వరకు ఫర్వాలేదు. రెండుచోట్లా ఏమీ పోకుండా, బ్యాటరీ కూడా 12 దగ్గరే నిలబడితే మోటారులోకి కరెంటే వెళ్లడం లేదు. అప్పుడు కార్బన్ బ్రష్‌లు చూడాలి.

నా అనుమానం మాత్రం ఎర్త్ పట్టీ మీదే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బ్యాటరీ మైనస్ కలిపిన చాసిస్‌కూ దానికీ మధ్య సరైన కరెంటు దారి ఆ అల్లిన రాగి పట్టీ ఒక్కటే. దసరాకు బండికి రంగు కొట్టించినప్పుడు ఆ బోల్టు మీదా కొట్టేస్తారు. విప్పి చూస్తే రాగి పోగులు పచ్చగా చిలుమెక్కి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలతాయి. సెల్ఫ్ కొట్టాక ఆక్సిలరేటర్ కేబుల్ ముట్టుకోండి. వెచ్చగా తగిలిందా, కరెంటు పట్టీని వదిలేసి ఆ తీగ గుండా వెళ్తోంది. అది కాలిపోగలదు కూడా, వాయిదా వేయకండి.

ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. పట్టీ కొత్తది వేయించండి. రెండు చివర్లా ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, బిగించాక పైన గ్రీజు రాయండి. మీ బ్యాటరీలు అంత త్వరగా పోవడానికీ ఇదే కారణం కావచ్చు. డైనమో (ఆల్టర్నేటర్) ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, దాని చార్జింగ్ కూడా ఈ పట్టీ మీదుగానే వెళ్లాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 దాకా కనబడితే నిశ్చింతగా ఉండండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీసి డైనమోను పరీక్షించే అలవాటు కొందరికుంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి, దాని లోపలి డయోడ్లు పోతాయి.

ప్రశ్న: లారీ నాలుగు రోజులు నిలబెడితే బ్యాటరీ డౌన్ అవుతోంది. జీపీఎస్, మ్యూజిక్ సిస్టమ్ బయట బిగించినవే. - వరంగల్ పాఠకుడు

జవాబు: ఆ రెండింటినీ నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటారు. అర ఆంపియర్ లాగినా రోజుకు 12 ఆంపియర్ అవర్లు, నాలుగు రోజులకు 48. అన్నీ ఆపి, మైనస్ వైరు విప్పి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, విప్పిన ఆ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యలో కలపండి. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు పోతుంది. 0.05 ఆంపియర్ కంటే ఎక్కువ కనబడితే బండి ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి; ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ అక్కడే. మ్యూజిక్ సిస్టమ్ వైరును తాళంతో ఆగే లైనుకు మార్పించండి. జీపీఎస్ ఎప్పుడూ పనిచేయాలి, దాన్ని అలాగే ఉంచి సొంత ఫ్యూజు పెట్టించండి.

ప్రశ్న: తాళం తిప్పితే చార్జింగ్ లైటు అసలు వెలగడం లేదు. మంచిదేగా? - అనంతపురం పాఠకురాలు

జవాబు: కాదండీ. ఇంజిన్ స్టార్ట్ కాకముందు అది వెలగాలి. చాలా పాత బళ్లలో ఆ బల్బు గుండా వెళ్లే కొద్ది కరెంటుతోనే డైనమో మేల్కొంటుంది. ముందు ఆ చిన్న బల్బు మార్చి చూడండి.