గ్యాస్ పైపుకు ఎర్త్ తీగ: కలపాలా, కలపకూడదా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంటుకు ఈమధ్యనే పైపు గ్యాసు వచ్చింది. గ్రైండరు మీద ఒక చెయ్యి ఉండగా రెండో చెయ్యి గ్యాస్ పైపుకు తగిలితే జివ్వుమంటోంది. సాకెట్టుకు ఎర్త్ లేదనీ, దాన్ని ఆ పైపుకే కలిపేస్తే సరిపోతుందనీ ఎలక్ట్రీషియన్ అంటున్నారు. గ్యాస్ పైపు దరిదాపులకు ఏ తీగా రాకూడదని మా మరిది అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ముందుగా మెయిన్ స్విచ్ కట్టేసి ఆ గ్రైండరు ప్లగ్గు తీసేయండి, దాని బాడీలోకి కరెంటు దిగుతోంది కాబట్టి బాగు చేయించేదాకా వాడవద్దు. ఎలక్ట్రీషియన్ చెప్పిన పనికి మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. గ్యాస్ పైపును ఎర్త్‌గా వాడకూడదని మన ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043 చెబుతోంది, అందుకు గట్టి కారణాలే ఉన్నాయి.

వీధిలో భూమి లోపల వేసే గ్యాస్ పైపు చాలావరకు ఎండీపీఈ అనే ప్లాస్టిక్‌ది. ఇనుప పైపు మీ భవనం దగ్గర మొదలై, గోడకు బిగించిన క్లాంపుల మీద పైకి వెళ్తుంది. అంటే భూమిలోంచి వచ్చినట్టు కనిపించే ఆ పైపుకు భూమితో చెప్పుకోదగ్గ సంబంధం ఉండదు. తడి గోడల ద్వారా అందే కాస్త సంబంధం చెయ్యి జివ్వుమనడానికి సరిపోతుంది గానీ, ఫ్యూజు పోయేంత కరెంటును మోయలేదు. అలాంటి పైపుకు సాకెట్టు ఎర్త్‌ను కలిపితే, మీ ఫ్రిజ్‌లో ఏ తీగో ఊడి బాడీకి తగిలిన రోజున ఆ 230 వోల్టులూ పైపులోకి ఎక్కి, అదే నిలువు పైపు నుంచి గ్యాసు తీసుకునే పై ఇంటివాళ్ల పొయ్యి దాకా వెళ్లగలవు. నన్ను అంతకంటే భయపెట్టేది మరొకటి ఉంది. మీటరు మార్చడానికి వచ్చిన మనిషి యూనియన్ నట్టు విప్పుతున్నప్పుడు పైపులో కరెంటు పారుతూ ఉంటే, రెండు కొసలు విడిపోయే క్షణంలో నిప్పురవ్వ లేస్తుంది. గ్యాసు బయటికి వచ్చేదీ సరిగ్గా ఆ సందులోంచే.

మీ మరిదిగారి జాగ్రత్త మెచ్చదగినదే అయినా, పైపుకు ఒక తీగ ఉండటం క్షేమం. దాన్ని బాండింగ్ అంటారు. పైపును ఇంటి అసలు ఎర్త్‌తో కలపడం వల్ల పొయ్యికీ, ఫ్రిజ్‌కూ, కుళాయికీ మధ్య షాకు కొట్టేంత వోల్టేజి తేడా రాకుండా ఉంటుంది. ఇక్కడ భూమిలోకి కరెంటును దించే పని ఎర్త్ పిట్‌దే, పైపుది కాదు. ఇందుకోసం మీటరు దాటాక, పైపు చీలకముందే, రంగు గీకి మెరిసే లోహం మీద క్లాంపు బిగించి, అక్కడి నుంచి మెయిన్ బోర్డు దగ్గరి ఎర్త్ టెర్మినల్‌కు 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని ఆకుపచ్చ-పసుపు రాగి తీగ వేయాలి. ఆ పైపు గ్యాస్ సంస్థది కనుక వారికి చెప్పి, వారి మనిషి సమక్షంలోనే చేయించండి.

అయితే వరుస తప్పకూడదు. ఎర్త్ పిట్ నిరోధం ఎంతుందో కొలిపించి, సాకెట్టుకు దాని నుంచే ఎర్త్ తీగ లాగించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల స్విచ్ (ఆర్‌సీసీబీ) పెట్టించాకే బాండింగ్ జోలికి వెళ్లాలి. ఇంటి ఎర్తే చెడి ఉంటే ఎక్కడో లీకైన కరెంటును బాండింగ్ తీగే పైపులోకి మోసుకొస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఇల్లు కొన్నాం. అటక మీద పసుపుపచ్చ మెలికల గ్యాస్ గొట్టం ఉంది. పిడుగులకు అది ప్రమాదమని విన్నాం, నిజమేనా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: నిజమే. సీఎస్ఎస్‌టీ అనే ఆ స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం గోడ మందం పావు మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. పిడుగు ఇంటి మీద కాక పక్కన పడినా, గొట్టానికీ దాన్ని ఆనుకున్న ఏసీ డక్టుకో కేబులుకో మధ్య ఆర్క్ (గాలిలోంచి దూకే కరెంటు మెరుపు) లేచి, గొట్టానికి చిల్లు పడి, అక్కడే మంట అంటుకోవచ్చు. అందుకే అమెరికా గ్యాస్ కోడ్ దీనికి 6 గేజికి తగ్గని రాగి తీగతో, 75 అడుగులు మించకుండా, ఇంటి ఎర్తింగ్ వ్యవస్థకు బాండింగ్ చేయాలంటోంది. క్లాంపును గట్టి ఇనుప పైపు మీద గానీ ఇత్తడి ఫిటింగు మీద గానీ బిగించాలి, మెలికల గొట్టం మీద ఎన్నడూ బిగించకూడదు. ఇది ముప్పును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదు కాబట్టి, గొట్టం డక్టులనూ కేబుళ్లనూ తాకుతున్న చోట్లు ఉంటే దూరం జరిపించండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరు దగ్గర ఆ తీగ ఉందో లేదో ముందు చూపించుకోండి. పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఉండదు.