గడ్డకట్టే చలిలో సూక్ష్మజీవులు చమురును, సేంద్రియ వ్యర్థాలను ఎలా విచ్ఛిన్నం చేస్తాయి?

చలికి సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది, అంతేగానీ ఆగిపోదు. సున్నా డిగ్రీల దగ్గర కూడా హాయిగా బతికే బ్యాక్టీరియా ఉన్నాయి. మామూలు బ్యాక్టీరియాకైతే చలిలో కణం చుట్టూ ఉండే పొర బిగుసుకుపోతుంది, ఎంజైములు మందగిస్తాయి. చలికి అలవాటుపడినవి ఆ పొరలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలను (చలికి అంత సులువుగా గట్టిపడని కొవ్వు పదార్థాలను) పెంచుకుని దాన్ని మెత్తగా ఉంచుకుంటాయి. వాటి ఎంజైముల నిర్మాణం కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి తక్కువ వేడిలోనూ పని నడుస్తుంది. కాకపోతే వేడి పెరిగితే అవే త్వరగా చెడిపోతాయి. మంచుగడ్డ లోపల సైతం ఉప్పు చేరిన సన్నని నీటి పాయలు గడ్డకట్టకుండా మిగులుతాయి. చలికి అలవాటుపడిన బ్యాక్టీరియా అక్కడ కూడా కాపురం పెడుతుంది.

చమురు దగ్గర తలనొప్పి వేరే. చలికి అది చిక్కబడుతుంది, ఆవిరైపోవాల్సిన విష పదార్థాలు చాలాసేపు అందులోనే ఉండిపోతాయి. పైగా చమురులో కార్బన్ దండిగా ఉన్నా, బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన నత్రజని, భాస్వరం చాలా తక్కువ. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి దాదాపు 4 కోట్ల లీటర్ల ముడి చమురు ఒలికినప్పుడు, తీరంలోని రాళ్ల మీద ఎరువు చల్లింది అందుకే. దాంతో అక్కడి బ్యాక్టీరియానే చాలాచోట్ల జోరందుకుంది. బయటి నుంచి కొత్తవి తెచ్చి వదలడం కన్నా నాకు ఇదే మేలనిపిస్తుంది, చలికి అలవాటుపడినవి ఎలాగూ అక్కడే ఉన్నాయి కదా.

ఆర్కిటిక్‌లో ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరిగితే మాత్రం ఇలాంటి జీవులే పాత మొక్కల అవశేషాల మీద పడతాయి. గాలి అందినచోట కార్బన్ డయాక్సైడ్, నీరు నిలిచి గాలి అందనిచోట మీథేన్ కూడా వెలువడుతుంది.